వంజరం ముక్కలో పురుగు

కోదాడలో మిర్యాలగూడ బస్సు ఎక్కాను. పక్క సీటు పెద్దమ్మ ఒడిలో డబ్బా నిండా వేయించిన వంజరం ముక్కలు. ఆమె అల్లుడిది బందరు, కాపురం మిర్యాలగూడలో. "మీకు చెరువు చేపలు తప్ప ఏం తెలుసు అత్తయ్యగారూ" అని పెళ్లైనప్పటి నుంచి ఎగతాళి చేస్తున్నాడట. అందుకే ఈసారి సముద్రం చేప వండి తీసుకెళ్తోంది.

పక్కమనిషికి పెట్టకుండా డబ్బా మూయడం ఆమెకు చేతకాలేదు. నా కోసం ఒక ముక్క విరిస్తే, లోపల చుట్ట చుట్టుకున్న సన్నని తెల్ల పురుగు కనిపించింది.

"ఇగ నా ఇజ్జత్ పోయినట్టే" అంటూ పారేయడానికి డబ్బాను కిటికీ వైపు జరిపింది.

లైబ్రరీలో చేపల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివిన నాకు ఇలాంటి అవకాశం మళ్లీ రాదు.

"ఆగు పెద్దమ్మా. సముద్రం చాపలల్ల ఇవి మామూలే. పచ్చిగ తింటే ప్రమాదం. లోపటి దాంక వేగితే చచ్చిపోతయి. తీసేసి తినొచ్చు."

"డాక్టరువా?"

"కాదు. లైబ్రరీల చదివిన."

"అట్లయితే నువ్వు తిను, సూస్త."

పురుగును గోటితో తీసేసి ముక్క నా చేతిలో పెట్టింది. పుస్తకంలో ఈ ఘట్టం లేదు. కళ్లు మూసుకుని తిన్నాను. ఉప్పూకారం చక్కగా పట్టింది. నేరేడుచర్ల దాకా ఆమె నా ముఖమే చూసింది.

"ఏం కాలె గద?"

"ఇంకో ముక్క పెడితే చెప్త."

నవ్వి డబ్బా మూసేసింది.

మిర్యాలగూడలో అల్లుడు బండి మీద వచ్చాడు. ఆమె డబ్బా అందిస్తూ, "సముద్రం చాపల ఒక్కోపారి పురుగుంటది అల్లుడా. తీసేసి తినాలె. మీ దిక్కు గిది చెప్పరా?" అంది.

అతను డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూశాడు. ఆమె నా వంక చూడకుండా బండెక్కి కూర్చుంది.