ఊకకుప్ప నుంచి ట్రెడ్‌మిల్ దాకా

ఆ రోజుల్లో మా గౌడవెల్లిలో పరుగెత్తేవాళ్లు రెండే రకాలు. బస్సు దాటిపోతోందని పరుగెత్తేవాళ్లు, కుక్క వెంటపడితే పరుగెత్తేవాళ్లు. ఏ కారణమూ లేకుండా ఒంటి కోసం పరుగెత్తే మనుషులు కూడా లోకంలో ఉంటారని మాకు తెలియదు. పొద్దున్నే పొలానికి నడిచి, ఆనక పాలక్యాన్లు కట్టుకుని మేడ్చల్ దాకా సైకిల్ తొక్కుకుంటూ పోయే మనిషికి ఒంట్లో దమ్ము ఎంత ఉందో యంత్రం పెట్టి కొలుస్తారంటే నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు నా దమ్మునే కొలుస్తామని కబురు వచ్చేదాకా బాగానే సాగింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. షామీర్‌పేట వైపు ఒక మందుల కంపెనీలో నేను రోజుకూలీ మీద పనిచేస్తున్నాను. అక్కడ మంటలు ఆర్పే బృందంలోకి మనుషులను తీసుకుంటున్నారని, తీసుకుంటే నౌకరీ పర్మినెంటని తెలిసి నేనూ పేరిచ్చాను. పొగ నిండిన గదిలోకి వీపున సిలిండర్ కట్టుకుని వెళ్లి, స్పృహ తప్పినవాళ్లను భుజాన వేసుకుని రావాలి కాబట్టి, ముందుగా ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి గుండె, ఊపిరి ఎంతవరకు తట్టుకుంటాయో చూస్తామన్నారు. అదే సమయంలో అలియాబాద్‌లో నాకొక సంబంధం చూశారు. పెళ్లిచూపుల్లో ఆ అమ్మాయి చాయ్ ఇచ్చి, బిస్కెట్ల ప్లేటు నా వైపు కొంచెం జరిపింది. (ఆ జరపడంలో నాకు చాలా అర్థాలు కనిపించాయి. అడ్డంగా ఉందని జరిపానని ఆమె ఇప్పటికీ అంటుంది.) వాళ్ల నాయిన మాత్రం నౌకరీ పర్మినెంటయినంక మాట్లాడుకుందామని మర్యాదగా లేచి నిలబడ్డాడు. అంటే నా ఉద్యోగం, నా పెళ్లి రెండూ కలిసి నేనెన్నడూ చూడని ఒక యంత్రం మీద నిలబడి ఉన్నాయన్నమాట.

ఇంట్లో సంగతి చెబితే మా బాపు, "అంగట్ల ఎడ్లను గూడ ఉరికిచ్చి సూసినంకనే కొంటరు. తప్పేం లేదు" అన్నాడు. అవ్వకు మాత్రం గుండెకు తీగలు పెడతారన్న ముక్క మింగుడుపడలేదు. మధ్యలో కరెంటు పోతే మనిషి సంగతేందని వచ్చినవాళ్లందరినీ అడిగింది.

ఇక మా బావ. అక్క మొగుడు, మేడ్చల్‌లో ఒక రైసుమిల్లులో గుమాస్తా. తాను చూడని వస్తువుల గురించి ఆయనకు తెలిసినంత వివరంగా, వాటిని చేసినవాళ్లకు కూడా తెలియదు. మిల్లుకు వచ్చే ఒక లారీ డ్రైవర్ మేనమామకు ఆ పరీక్ష చేశారట. దాన్నిబట్టి బావ నన్ను కూర్చోబెట్టి చెప్పిన సారాంశం ఏమిటంటే, ఆ బెల్టు మనిషిని వెనక్కి విసిరెయ్యాలనే చూస్తుంది, విసిరిందా ఫెయిలు. అంతకంటే పెద్ద ప్రమాదం డాక్టర్ల మాటల్లో ఉంటుంది. "కష్టమైతాందా అని మెల్లగ అడుగుతరు. అలిసిన అని ఒక్క మాట నీ నోట్ల నుంచి వచ్చిందనుకో బామ్మర్ది, ఇగ నీ నౌకరి గంగల కల్సినట్టే" అన్నాడు. నేను ఆ మాటను మంత్రోపదేశంలా మనసులో దాచుకున్నాను.

బావ ఉపదేశంతో ఆగే మనిషి కాదు. వాళ్ల మిల్లులో బస్తాలను లారీలోకి చేరవేసే బెల్టు ఒకటి ఉండేది. మధ్యాహ్నం అన్నాల వేళ పని ఆగినప్పుడు దాన్ని చదునుగా దింపించి, నన్ను మీద నిలబెట్టి, తాను మీట దగ్గర నిలబడ్డాడు. హమాలీలు అన్నం టిఫిన్లు పట్టుకుని చుట్టూ చేరారు. మొదట్లో బాగానే పరుగెత్తానని నేటికీ నా నమ్మకం. ఒకాయన "మస్తు ఉరుకుతున్నడు పిలగాడు" అని మెచ్చుకునేసరికి, ఆ మెచ్చుకున్నదెవరో చూద్దామని పక్కకు తిరిగాను. మరుక్షణం నేను వెనకనున్న ఊకకుప్పలో నడుము దాకా దిగబడి ఉన్నాను. బావ కంగారులో బెల్టును ఆపబోయి, పక్కనున్న ఊక ఊదే గొట్టాన్ని నడిపించాడు. ఆ తరువాత నన్ను తవ్వి తీశారు. ఊక దురద ఎలాంటిదో తెలిసినవాళ్లకు చెప్పనవసరం లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. పరీక్ష రోజుకు కూడా నా ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు వరసగా మెరుస్తూనే ఉన్నాయి.

పరీక్ష మేడ్చల్ హైవే మీద కొత్తగా తెరిచిన ఒక ఆస్పత్రిలో. బావ తన స్కూటర్ మీద తీసుకొచ్చి, లోపలికి రానివ్వరని తెలిసి బయట మెట్ల మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, నెమ్మదిగా, 'అండీ' అంటూ మాట్లాడుతుంది. నర్సమ్మ మాత్రం మా దిక్కు మనిషే. చొక్కా విప్పగానే డాక్టరమ్మ నా ఛాతీ చూసి, ఈ దద్దుర్లు ఎందుకొచ్చాయని అడిగింది.

"ఊక, మేడమ్" అన్నాను.

నర్సమ్మకు అది మా యాసలో 'ఊకె'లాగా వినబడినట్టుంది. "ఊరికెనే వచ్చినయంట మేడమ్" అని అర్థం చెప్పింది.

"ఊరికే దద్దుర్లు రావండీ" అని డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుంది. అంటురోగమని పంపించేస్తుందేమోనని నాకు చెమటలు పట్టాయి. అప్పుడు రైసుమిల్లు, బెల్టు, ఊకకుప్ప మొత్తం చెప్పుకోవలసి వచ్చింది. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతుండటం చూసి దగ్గు వచ్చిందనుకున్నాను.

దద్దుర్లు లేని చోట్లు వెతికి తీగలు అంటించాక యంత్రం ఎక్కించారు. నిజం చెప్పాలంటే అది రైసుమిల్లు బెల్టంత దుర్మార్గురాలేమీ కాదు, మెల్లగా నడిచింది. అయినా నేను ముందున్న కడ్డీని రెండు చేతులతో కరుచుకున్నాను. చేతులతో వేలాడితే కాళ్ల బలం, ఊపిరి బలం ఎలా తెలుస్తాయండీ, వదలండి, అది ఎవరినీ విసరదు అని ఆమె చెప్పాక ఒక్కో వేలే వదిలాను. గోడ మీద ఒక పటం ఉంది. పైన 'చాలా తేలిక' అని మొదలై, మెట్టుమెట్టుగా దిగి, చివరన 'ఇక నా వల్ల కాదు' అని ఉంది. కొంతసేపటికోసారి బెల్టు వేగం పెంచి, ముందువైపు కాస్త పైకి లేపి, ఇప్పుడెలా ఉందో ఆ పటంలో వేలితో చూపించమంటుంది. నాకు బావ మాట గుర్తొచ్చింది. ఇదే ఆ మెల్లగా అడగడం. నేను 'చాలా తేలిక' మీద వేలు పెట్టాను.

ఆమె పెంచింది. నేను మళ్లీ 'చాలా తేలిక' అన్నాను. ఆమె నా గుండె కొట్టుకోవడం చూపించే తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ పెంచింది. అది రానురాను గుట్ట ఎక్కుతున్నట్టయింది. గొంతు ఎండిపోయి, పక్కటెముకలు పట్టేసి, కళ్ల ముందు పటంలోని అక్షరాలు ఈదుతున్నాయి. అయినా వేలు మాత్రం వణుక్కుంటూ ఆ పైమెట్టునే వెతుక్కుని వెళ్లేది. చివరికి వేలు పటం మీదకు కాకుండా గాలిలోకి పోయింది, మోకాళ్లు మడతబడ్డాయి, నేను బెల్టు మీద చతికిలబడ్డాను. అది నన్ను విసరలేదు. బస్తాను దించినంత మర్యాదగా వెనకనున్న పరుపు మీద దించింది.

అలా వెల్లకిలా పడి పైకప్పు చూస్తుంటే అంతా అయిపోయిందని అర్థమైంది. నౌకరీ పోయింది. అలియాబాద్ సంబంధం పోయింది. ఇక పోవడానికి ఏమీ మిగల్లేదని తేలగానే, విచిత్రంగా నా ప్రాణం హాయిగా ఉంది. ఎన్నో రోజులకు మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరమ్మ పక్కనే కూర్చుని నాడి పట్టుకుని, తెర చూస్తూ, గుండె చాలా తొందరగా కుదుటపడుతోందని నర్సమ్మతో అంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"అంత కష్టమవుతుంటే ఆపమని ఎందుకు అనలేదండీ?"

"మీరే ఆపుతరనుకున్న, మేడమ్."

"మీరు తేలిక అంటుంటే నేనెందుకు ఆపుతాను? మీ కంపెనీకి కావలసిన స్థాయిని మీరు ఎప్పుడో దాటేశారు. గుండె చక్కగా కొట్టుకుంటోంది, ఇంకా తేలికే అంటున్నారు, సరే ఎంతదాకా వెళ్తారో చూద్దామని పెంచుకుంటూ పోయాను."

ఆ మాట నా బుర్రకెక్కడానికి కొంత సమయం పట్టింది. ఎక్కాక లేచి ఆమె కాళ్లు మొక్కబోయాను, నా కాళ్లు లేవనివ్వలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. రేపు పొగలోకి వెళ్లినప్పుడు అలసిపోయిన సంగతి చెప్పకపోతే, నన్ను మోసుకురావడానికి మరొకరు ప్రాణం మీదికి తెచ్చుకోవలసి వస్తుందని, ఆ ఒక్కటి నేర్చుకోమని చెప్పి వెళ్లింది.

నర్సమ్మ భుజం ఆసరా ఇచ్చి బయటికి నడిపించుకొచ్చింది. బావ పొద్దుటి నుంచి చాయ్ కూడా తాగకుండా ఆ మెట్ల మీదే ఉన్నాడు. నన్ను ఆ స్థితిలో చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. పాసయ్యానని చెబుదామంటే నాకు ఇంకా మాట రావడం లేదు.

"నాదే తప్పు రా బామ్మర్ది. నీకు ఏమన్న అయితే మీ అక్కకు నా మొహం ఎట్ల సూపియ్యాలె?" అంటూ రుమాలు తీశాడు.

"పాసైండు, ఏం గాలే. నీళ్లు తాగిపియ్యి" అంది నర్సమ్మ.

బావ అక్కడే మెట్టు మీద కూలబడి, రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చూసేవాళ్లకు తెలిసి ఉండదు. (సాయంత్రానికల్లా ఆయన తేరుకుని, ఇదంతా తన ట్రైనింగు మహిమేనని మేడ్చల్ మార్కెట్టంతా చెప్పుకొచ్చాడు.) నౌకరీ వచ్చింది, ఆ వేసవిలోనే పెళ్లీ అయింది. ఇన్నేళ్ల సర్వీసులో పొగలోకి వెళ్లి మనిషిని మోసుకురావలసిన గడియ ఒక్కసారి కూడా రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండెల నిండా చల్లగా ఉంటుంది.

ఈమధ్య మేడ్చల్‌లో అద్దాల జిమ్ముల ముందు నుంచి పోతున్నప్పుడు బండి కాస్త నెమ్మదిస్తాను. లోపల పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని, ఎవరూ అడగకుండానే, డబ్బిచ్చి మరీ పరుగెత్తుతుంటారు. వాళ్ల పరుగుకు ఏ నౌకరీ, ఏ సంబంధం ముడిపడి లేదు కదా అని ముచ్చటేస్తుంది. అప్పటి నేను, ఆ సన్నటి పిలగాడు, ఇప్పుడు దారిలో ఎదురైతే, ఏమీ బోధించను. పక్కన కూర్చోబెట్టుకుని, రెండు చాయ్‌లు చెప్పి, వాడి రొప్పు తగ్గేదాకా ఊరికే కూర్చుంటాను.