కవలల్లో ఒకడికి గుండు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను కావలికి తూర్పున ఉన్న ఒక సముద్రపు ఊరికి కంటిన్యుటీ అసిస్టెంటుగా పంపారు. కొత్తగా బిడ్డ పుట్టిన దంపతుల అవస్థల మీద హాస్య సీరియల్ అది. కంటిన్యుటీ అంటే ఒక షాటుకూ తరువాతి షాటుకూ తేడా రాకుండా కాపలా కాయడం. హీరో చొక్కా చేతులు ఎంతవరకు మడిచాడు, సీసాలో పాలు ఎంతవరకు ఉన్నాయి, అంతా చూసుకోవాలి. నేను బడికి వెళ్ళలేదు. ఇంట్లో అమ్మే చదువు చెప్పింది. పూజ పీట మీద నిన్న ఏ పువ్వు ఎక్కడ పెట్టామో కళ్ళు మూసుకుని చెప్పమనేది. ఆ తల్లి చలవతోనే ఈ వృత్తిలో అన్నం తిన్నాను.

పసిబిడ్డను లైట్ల ముందు ఎక్కువసేపు ఉంచకూడదు. అందుకని కవలల్ని తీసుకుంటారు, తెర మీద మాత్రం ఒక్కడే. దేవుడి దయవల్ల మాకు ఆ ఊళ్ళోనే దొరికారు. చేపలవేటకు వెళ్ళే శీనయ్య కొడుకులు, పెద్దోడూ చిన్నోడూ, ఇద్దరికీ ఒత్తు జుట్టు.

ఒక రోజు, అద్దెకు తీసుకున్న ఒక ఇంట్లో, తండ్రి బిడ్డను భుజాన వేసుకుని నిద్రపుచ్చే సన్నివేశం. ముందునుంచి తీయవలసినవి పెద్దోడితో పొద్దున్నే అయిపోయాయి. వెనకనుంచి తీసే షాటు ఒక్కటే మిగిలింది. హీరో వీపు, భుజం మీదుగా బిడ్డ ముఖం. లైట్లు మార్చేలోగా పెద్దోణ్ణి వాళ్ళ నాయనమ్మ చెంగమ్మ ఎత్తుకెళ్ళింది. చిన్నోణ్ణి తెస్తే, హీరో చేతిలో పడగానే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. డైరెక్టర్ గారు పెద్దోణ్ణే పిలిపించమన్నారు.

చెంగమ్మ వచ్చింది. చంకలో పెద్దోడు, నున్నటి గుండు, దాని మీద గంధం.

"గంగమ్మకు పుట్టు వెంట్రుకలు ఇచ్చినాం," అంది సంతోషంగా. "చిన్నోణ్ణి కూడా ఇయ్యండి. మంగలాయన గుడికాడ కూర్చోనుండాడు. మధ్యాహ్నం దాటితే ముహూర్తం పోతాది."

డైరెక్టర్ గారు అక్కడే ఉన్న పెట్టె మీద కూలబడ్డారు. ఆ ఇల్లు మాకు ఆ ఒక్కరోజుకే ఇచ్చారు. షాటు పడకపోతే మొదటి ఎపిసోడే లేదు. మేకప్ ఆయన విగ్గు కత్తిరించి పెడతానన్నాడు.

"అమ్మవారికిచ్చిన తల మీద సవరం పెడతావా? ముట్టుకో, చూస్తా!" అంది చెంగమ్మ. చిన్నోడి గుండు రేపటికి ఆపమంటే ఆమె మండిపడింది. "ఒకడికి తీసి ఒకడికి ఆపితే మొక్కు సగం కాదా అబ్బయ్యా? నీకు సగం గడ్డం గీసి పొమ్మంటే పోతావా?"

డైరెక్టర్ గారు అప్రయత్నంగా గడ్డం తడుముకున్నారు. నాకు మాత్రం మనసులో ఆవిడదే న్యాయమనిపించింది. కానీ జీతం ఇచ్చేది డైరెక్టర్ గారి వైపువాళ్ళు. తెరమీద కనబడేది వీపే కదా, అది ఎవరిదైతేనేం, కన్నతండ్రి భుజమైతే చిన్నోడు ఏడవడు కదా అని అడిగాను.

హీరో చొక్కా విప్పించి, గుమ్మం దగ్గర నిలబడ్డ శీనయ్యకు తొడిగాం. ముందు గుండీలు పట్టలేదు, వెనకనుంచి తెలియదు. అతని మణికట్టుకు గుడి దారం ఉంది. తీయమనడానికి నాకు నోరు రాలేదు. హీరో వాచీ దాని పైన కట్టాను. శీనయ్య బిడ్డను భుజాన వేసుకుని, వల లాగేటప్పుడు అనే "హైలెస్సా"ను గొంతులోనే అంటూ నడిచాడు. మూడు అడుగులైనా పడ్డాయో లేదో, చిన్నోడి కళ్ళు మూతలు పడ్డాయి.

"అమ్మా, నా వీపు ఇంత బాగా నటిస్తుందని నాకే తెలియదు," అన్నాడు హీరో, బనియనుతో నా పక్కన నిలబడి.

కట్ చెప్పడమే ఆలస్యం, చెంగమ్మ చిన్నోడితో సహా కొడుకును తోసుకుంటూ గుడికి పరుగు తీయించింది. ముహూర్తం అందింది. కానీ చొక్కా, వాచీ కూడా వెళ్ళిపోయాయి. తరువాతి సన్నివేశం కోసం హీరో బనియనుతోనే కూర్చున్నాడు. చొక్కా తిరిగి వచ్చేసరికి దాని నిండా వెంట్రుకలు, పసుపు. వాటిని ఏరుతూ గంగమ్మకు దండం పెట్టుకున్నాను.

రెండో ఎపిసోడ్‌లో బిడ్డకు గుండు. జుట్టేదని భార్య అడుగుతుంది. "మా అమ్మ వచ్చి వెళ్ళింది," అంటాడు భర్త. చూసినవాళ్ళెవరూ అంతకు మించి అడగలేదు.

పసివాళ్ళను తీసుకునేటప్పుడు కాగితాల మీద తల్లిదండ్రులు సంతకం చేస్తారు. తేదీలు మాత్రం నాయనమ్మ చేతిలో ఉంటాయి. ఆ తరువాత నేను పనిచేసిన చోటల్లా, అన్నప్రాసన ఎప్పుడు, చెవులు కుట్టేది ఎప్పుడు, పుట్టు వెంట్రుకలు ఏ దేవుడికి అని ముందు ఆవిడనే అడిగేదాన్ని. షెడ్యూలు ఆ తరువాతే వేసేవాళ్ళం.