వింటున్నారా, అత్తయ్యా

మా కోడలు పోయి ఏడాది దాటింది. ఆమె పనిగది తలుపు పక్కన బిగించిన చిన్న ఎర్ర బల్బు ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడది వెలగదు. అయినా చీపురు పట్టుకుని ఆ గదిలోకి అడుగుపెట్టబోతూ ఓసారి దానివైపు చూస్తాను.

ఆ బల్బు ఆమె ఏర్పాటే. ఆఫీసువాళ్ళతో మాట్లాడటానికి కంప్యూటర్లో మైకు తెరవగానే అది దానంతట అదే వెలిగేది. వెలిగిందంటే లోపలికి ఎవరూ రాకూడదు. అంతకుముందు ఒకసారి నేను మావాడి చిరిగిన బనీను పైకెత్తి చూపిస్తూ, "దీన్ని తుడుచుకునే గుడ్డ చేసెయ్యనా?" అంటూ లోపలికి వెళ్ళిపోయాను. అవతల తెరమీద పదిమంది ఉన్నారట. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. మర్నాటికి తలుపు పక్కన బల్బు వచ్చింది.

ఆమె సాఫ్ట్‌వేర్ డెవలపర్. పళ్ళ డాక్టర్ల దగ్గరికి ఎవరు ఎప్పుడు రావాలో తేదీలు ఇచ్చి, ముందురోజు వాళ్ళ ఫోన్లకు మెసేజీలు పంపే ప్రోగ్రాం ఒకటి ఆమె చేతిలో ఉండేది. అది ఆమె రాసింది కాదు. ఎవరో రాసి, వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారు. ఈమె వంతుకు మరమ్మతు మిగిలింది.

"ఎవరో ఖాళీ చేసిన ఇంట్లో అద్దెకి దిగినట్టుందత్తయ్యా. ఏ స్విచ్చి నొక్కితే ఎక్కడ ఏది వెలుగుతుందో తెలీదు" అనేది.

ఆమె పై అధికారికి మా ఇంట్లో చిన్నకాల్ అని పేరు. "ఒక చిన్న కాల్" అని మొదలుపెట్టి పూటంతా మింగేసేవాడు. ఆ చిన్నకాల్ ముగిసేసరికి ఆమె భోజనం చల్లారిపోయేది. నిలబడే నాలుగు ముద్దలు తిని, మెడ పట్టుకుని మళ్ళీ గదిలోకి వెళ్ళేది.

ఇంట్లో పనులు వేరే ఉండేవి. ఇంటర్నెట్ మొరాయించినా, టీవీ రిమోటు పనిచెయ్యకపోయినా అందరం ఆమెనే పిలిచేవాళ్ళం. మావాడు ముచ్చటపడి కొన్న మాట్లాడే డబ్బా ఒకటి హాల్లో ఉండేది. "లైటు ఆర్పు" అని నేనంటే అది పాట పెట్టేది. "అమ్మ మాట వినేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు, డబ్బాతో సహా" అని మావాడు నవ్వేవాడు. నవ్వడం వాడి వంతు, దాన్ని బాగుచెయ్యడం కోడలి వంతు.

పక్కింటాయన ఒక ఆదివారం ప్రింటరు చంకన పెట్టుకుని వచ్చాడు. "అమ్మాయ్, నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా. ఇది కాగితాలు నమిలేస్తోంది."

"నేను ప్రోగ్రాములు రాస్తాను బాబాయ్‌గారూ. దీనికి పళ్ళ డాక్టరు కావాలి" అంది.

అంటూనే నేలమీద చతికిలబడి దాని నోట్లోంచి కాగితం ముక్కలు లాగింది. వేళ్ళనిండా నల్ల సిరా అయింది. అది కడుక్కుంటూ ఉండగానే గదిలో ఫోను మోగింది.

చిక్కు విడనప్పుడు మాత్రం వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. వాళ్ళ వృత్తిలో అదొక పద్ధతట. తెగని సమస్యను ఎవరో ఒకరికి మొదటినుంచీ నోటితో చెప్పుకుంటూ రావాలట. వినేవాళ్ళకు అర్థం కానక్కర్లేదు. కొందరు బల్లమీద ప్లాస్టిక్ బాతును పెట్టుకుని దానికే చెప్పుకుంటారట.

"అంటే ఇంట్లో నేను బాతునా?"

"బాతు టీ పెట్టదు కదత్తయ్యా."

ఒక ఏడు ఆమె ఒక్క వారం సెలవు అడిగింది. ఎక్కడికైనా వెళ్తారా అని నేను ఆశగా అడిగితే, "ఎక్కడికీ వద్దు. ఊరికే ఉండాలి" అంది. ఆమెకు కావలసింది అంతే. కానీ సరిగ్గా అప్పుడే ప్రోగ్రాంలో తప్పు బయటపడింది. తేదీ మార్చుకున్నవాళ్ళలో కొందరికి పాత తేదీకే మెసేజి వెళ్తోంది. పన్ను నొప్పితో బుగ్గ పట్టుకుని వచ్చినవాళ్ళు, ఆ రోజు కాదని తెలిసి కౌంటరు దగ్గర అరుస్తున్నారట. అది సరిచేస్తేనే సెలవు, లేకపోతే లేదు అన్నాడు చిన్నకాల్.

కొన్ని రోజులు ఆ గది ముందు ఎర్ర దీపం ఆరనే లేదు. చివరికొక మధ్యాహ్నం వచ్చి పీటమీద కూలబడింది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"తేదీ మార్చగానే పాతది కొట్టేస్తున్నాం అత్తయ్యా. కొత్తది రాస్తున్నాం. చూసుకున్నా, సరిగ్గానే ఉంది. అయినా కొందరికే ఎందుకు తప్పు వెళ్తోంది? అందరికీ వెళ్తే సుఖం, పట్టుకోవచ్చు. కొందరికే..."

నేను ఊఁ కొడుతున్నాను. నిజానికి తల దిమ్మెక్కి, అక్కడితో నా చెవి మిషను ఆపేశాను. ఆమె పెదవులు ఆగినప్పుడల్లా ఊఁ అంటున్నాను. ఉన్నట్టుండి ఆమె తన ఫోను నా ముఖం ముందు పెట్టి నవ్వింది. నా మిషనును తన ఫోనుకి కలిపి పెట్టిందట. అది ఆగితే ఆమెకు కనిపిస్తుందట. నేను గబగబా మిషను వేసుకున్నాను.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదట్నుంచీ. మీరు వినక్కర్లేదులెండి, ఎదురుగా ఉంటే చాలు. ఎక్కడున్నాను? ఆఁ, మెసేజీలు పంపేవాడు ఒకడున్నాడనుకోండి. పొద్దున్నే వస్తాడు. ఎవరెవరికి పంపాలో చీటీలన్నీ తీసుకుని జేబులో వేసుకుంటాడు. తర్వాత మనం ఇక్కడ తేదీ మారుస్తాం. పాతది కొట్టేస్తాం. వాడేమో సాయంత్రం జేబులోంచి..."

ఆగిపోయింది.

"జేబులోంచి ఏం చేస్తాడు?" అన్నాను, నాకూ ఆత్రం పుట్టి.

"పాత చీటీయే తీస్తాడు! మనం మార్చినట్టు వాడికెవరు చెప్పారు? వాడు వచ్చి వెళ్ళాక మార్చుకున్నవాళ్ళకే తప్పు వెళ్తోందత్తయ్యా!"

పీట పక్కకు పడేలా లేచి పరుగెత్తింది. గది ముందు ఎర్ర దీపం వెలిగింది. సాయంత్రానికి తప్పు సరిచేసింది. ఇంకో రెండు చిన్నకాల్‌ల తర్వాత సెలవు ఇచ్చారు. బాగా చేశావని ఎవరూ అన్నట్టు లేదు. మళ్ళీ ఇలా జరక్కుండా ఏం చేస్తావని మాత్రం అడిగారట.

సెలవు మొదటిరోజు ఎండ నడినెత్తికొచ్చేదాకా నిద్రపోయింది. లేచి, జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి పీటమీద కూర్చుంది. టీ పెట్టబోతున్నదాన్ని ఇటు తిరిగాను.

"ఏమైందమ్మాయ్? మళ్ళీ ఎక్కడ ఆగింది?"

"ఎక్కడా ఆగలేదు. ఊరికే కూర్చున్నా."

ఆమె ఫోను ఫ్రిజ్జు మీద బోర్లా పెట్టి ఉంది. టీ ఇస్తే రెండు గుక్కలు తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఇంతకాలం ఆమె చెప్పినదాంట్లో సగం నా చెవిన పడలేదు. ఈసారి మాత్రం మిషను సరిచేసుకుని, శబ్దం కాస్త పెంచుకున్నాను. ఫ్రిజ్జు గుర్రుమంటోంది. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"వింటున్నారా, అత్తయ్యా?" అంది కళ్ళు తెరవకుండానే.

"వింటున్నాను."

"ఏం వినిపిస్తోంది?"

"ఏమీ లేదమ్మా."

"హమ్మయ్య" అంది.

అలాగే గోడకు ఆనుకుని నిద్రపోయింది. గ్లాసు కడగబోయినదాన్ని ఆగి, కుళాయి గట్టిగా బిగించి కట్టేశాను.