పురుగుల చుట్టరికం

ఉదయం సరిగ్గా ఆరూ నలభైకి బాపు, అంటే మా నాన్న, చేపల సంచితో వచ్చేవాడు. ఆ రోజుల్లో గడియారంతో పని ఉన్నది మా ఇంట్లో ఆయనొక్కడికే. కరోనా వల్ల, సిరిసిల్ల నుంచి వలసొచ్చి తాపీ నది దగ్గరి పారిశ్రామికవాడ సచిన్‌లో ఆయన పనిచేసే మరమగ్గాల కార్ఖానా మూతపడింది, నా కాలేజీ కూడా. నేను జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నాను. చేపల మొప్పలను కొక్కేలతో పట్టుకుని బతికే చదును పురుగుల్లో ఏది దేనికి చుట్టమో తేల్చడం నా ప్రాజెక్టు. కాలేజీవాళ్లు మైక్రోస్కోపు ఇంటికిచ్చారు. నెలాఖరుకు రెండు రకాల చేపల మీది పురుగులు చూపించకపోతే ఏడాది పోయినట్టే.

మూడు వారాలు రోహు, బొచ్చె చేపల మొప్పలు విప్పాను. ఒక్క పురుగూ లేదు. (కూర మాత్రం రోజూ ఉండేది. అమ్మ ఆ వాసనకే విసిగిపోయింది.) చివరికి ఫ్యాక్టరీల నీళ్లకు తాపీ నదిలో పురుగులే అంతరించాయని మూడు పేజీలు రాశాను. బాగా రాశాననే అనుకున్నాను. మా గుజరాతీ సారు ఫోనులో అంతా ఓపిగ్గా విని, "బేటా, తేరీ మఛ్లీ అస్పతాల్ సే ఆతీ హై క్యా?" అన్నారు. నీ చేపలు ఆస్పత్రి నుంచి వస్తున్నాయా అని.

మర్నాడు నేనే మెట్లు దిగాను. కింద కుళాయి దగ్గర బాపు ఉప్పూ పసుపూ కలిపిన బకెట్లో చేపను ముంచి, మొప్ప ఎత్తి, పాత బ్రష్షుతో తోముతున్నాడు.

"ఏంది బాపూ గిది?"

"రోగం ఊపిరికే వస్తది గద బిడ్డా. చేపకు ఊపిరి గిక్కడనే. జర సాఫ్ చేస్తున్న."

"నాకు గావాల్సిన పురుగులన్నీ మోరీల పోసినవ్."

"నువ్వు చేపల సదువన్నవ్ గాని, పురుగుల సదువు అనలేదు గదనే."

నిజమే. పురుగులు చదువుతున్నానని చెప్పడానికి సిగ్గుపడి, ఇంట్లో చేపలనే చెప్పాను. అయినా కోపం మాత్రం ఆయన మీదే చూపించాను. రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు రెండు మాస్కులు కట్టుకుని, కడగని చేపల సంచిని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని తెచ్చాడు. బొచ్చె మొప్పల్లోనూ పురుగులున్నాయి, ఒక్క రోహు మొప్పలోనే రెండు రకాలు దొరికాయి. రోహువి బాపునూ మైక్రోస్కోపులో చూడమన్నాను.

"ఒక్క చేప మీదున్నయి. అన్నదమ్ములా?"

"కాదు, ఇరుగుపొరుగు. కొక్కేలు చూస్తే తెలుస్తది. దీని తమ్ముడు బొచ్చె మీదుంటడు."

బాపు మైక్రోస్కోపు మీంచి తలెత్తి, "అయితే మన లెక్కనే. నా తమ్ముడు సిరిసిల్లల ఉన్నడు, మన గోడ పక్క ఖోలీల ఒరియాతను ఉన్నడు," అన్నాడు.

ప్రాజెక్టు గట్టెక్కింది. ఆ తర్వాత కూడా నేను మైక్రోస్కోపు మూసినప్పుడల్లా, "ఇయ్యాల ఎవరి చుట్టరికం తేలింది?" అని అడిగేవాడు. మరుసటి ఎండాకాలం ఊపిరాడక ఆస్పత్రిలో చేరాడు. తిరిగి రాలేదు.

నేనిప్పుడు ఇదే ఊళ్లో ఆల్థాన్‌లో పిల్లలకు ఇవే పాఠాలు చెబుతున్నాను. బ్రష్షు పట్టుకున్న మనిషితో రెండు రోజులు మాట్లాడని ఆ అమ్మాయిని తలచుకుంటే, అలసటలోనూ కాస్త నవ్వొస్తుంది. ఇంటికొచ్చాక ఎవరి చుట్టరికం తేలిందని ఇప్పుడెవరూ అడగరు.