గుర్రపుడెక్క కింద చెరువు

1982 జనవరిలో జంషెడ్‌పూర్ దక్షిణ శివార్ల భూవినియోగ పటం తయారుచేసే పని మీద నన్ను వేశారు. నా హోదా జూనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్. ప్రొబేషన్ పూర్తికావడానికి ఇంకా నాలుగు నెలలుంది. మా విభాగాధిపతి సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్ సేన్ గారు. ఆయన కింద నేను, ఒక డ్రాఫ్ట్స్‌మన్, జీపు డ్రైవర్ మహతో. పర్సుడీహ్ నుంచి దక్షిణంగా ఏది పొలం, ఏది అడవి, ఏది బంజరు, ఏది నీరు, ఏది ఇళ్లు అని రంగుల్లో విడదీసి చూపించాలి. జిల్లా ప్రణాళికా కమిటీ ఆ పటం చూసుకునే ఎక్కడ రోడ్డు వేయాలి, ఎక్కడ కాలనీ కట్టాలి అని తేలుస్తుంది.

నేను పుట్టి పెరిగింది టాటానగర్ రైల్వే క్వార్టర్లలో. నాన్న సిగ్నల్ ఫిట్టరు, పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. బీయస్సీలో భూగర్భశాస్త్రం తీసుకున్నాను, రాంచీలో ఎమ్మెస్సీ చేశాను, ఆ తరువాత డెహ్రాడూన్‌లో పది నెలల కోర్సు. ఆకాశం నుంచి తీసిన ఫోటోలను చదివి నేల స్వభావం చెప్పడం ఆ కోర్సు సారాంశం. చివరి మూడు నెలలూ పర్యావరణ శాస్త్రం అనే కొత్త పాఠం కూడా చెప్పారు. మట్టి, నీళ్లు, మురుగు, చెట్టు ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడతాయో అందులో ఉండేది. ఇదంతా క్వార్టర్లలో చెప్పడం నాన్నకు కష్టమైంది. చివరకు "మా అమ్మి ఫోటోల ఉద్యోగం సేత్తంది" అని తేల్చేశారు. ఆ వారమే పక్కింటి పిన్ని పిల్లలిద్దరికీ తల దువ్వి, పౌడరు రాసి, స్కూలు ఫారాలకు ఫోటోలు తీయమని మా ఇంటికి తీసుకొచ్చింది. నేను విమానం నుంచి తీసిన ఫోటోలు చూస్తానని చెబితే, అంత పైనుంచి మొహాలు ఎలా కనిపిస్తాయని అడిగింది.

పని పద్ధతి కొంచెం చెప్పాలి. విమానం వరసగా ఎగురుతూ ఫోటోలు తీస్తుంది. ప్రతి ఫోటోలోనూ ముందు ఫోటోలోని నేల సగానికి పైగా మళ్లీ వస్తుంది. అలాంటి రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి స్టీరియోస్కోపు అనే జంట కటకాల పరికరంలోంచి చూస్తే, బల్లపరుపు కాగితం మీంచి గుట్టలు, గట్లు, మిద్దెలు పైకి లేచి నిలబడతాయి. మొదటిసారి చూసినవాళ్లు వేలు పెట్టి తాకబోతారు. ఈ ఫోటోలు రహస్య పత్రాల కింద లెక్క. ఇనప బీరువాలో ఉండేవి, రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రానికి తిరిగి అప్పగించాలి.

వీటికి తోడు ఆ ఏడాదే మాకు ఉపగ్రహ చిత్రం వచ్చింది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్లో తీసినది. అందులో రంగులు కంటికి కనిపించే రంగులు కావు. పచ్చని ఆకు ఎర్రగా, నీరు నల్లగా, ఎండిన నేల తెల్లగా కనిపిస్తుంది. ఎత్తుపల్లాలు తెలియవు. ఆ చిత్రంలోని ఒక్కో చుక్క నేల మీద ఎకరం పైచిలుకు. అయినా నాకు ఆ చిత్రం మీద మహా మోజు. డెహ్రాడూన్‌లో దాన్ని చదవడంలో నాకు మంచి మార్కులు వచ్చాయి. పాత విమాన ఫోటోలు నలుపు తెలుపు, అంచులు వంకర తిరిగినవి, బీరువా వాసన వేసేవి. ఎర్రటి ఉపగ్రహ చిత్రం బల్ల మీద పరిచాక వాటి వైపు చూడబుద్ధి అయ్యేది కాదు.

పర్సుడీహ్ దాటాక, ఎండిన తెల్లని మెరక నేలల మధ్య, సుమారు పన్నెండు ఎకరాల మేర ఒక చిక్కని ఎర్ర మచ్చ ఉంది. ఆకు బాగా ఏపుగా ఉంటేనే అంత ఎరుపు వస్తుంది. నీటి వసతి ఉన్న పొలం అని నిర్ణయించి పసుపుపచ్చ రంగు వేయించాను. ఆ ప్రాంతపు పాత సర్వే పటంలోనూ అక్కడ ఏమీ లేదు కాబట్టి సందేహం రాలేదు. మార్చిలో సేన్ గారు నెల రోజుల సెలవులో ఉండగా కమిటీ వాళ్లు ముసాయిదా కావాలన్నారు. నేల మీదికి వెళ్లి సరిచూసే పని ఇంకా మొదలు కాలేదు. పటం మీద 'తాత్కాలికం' అని ముద్ర వేసి, ఆయన తరఫున నేనే సంతకం చేసి పంపాను. మొదటి పటం మీద మొదటి సంతకం కదా, ఆ రోజు డ్రాఫ్ట్స్‌మన్‌కూ మహతోకూ జిలేబీ తినిపించాను.

ఏప్రిల్లో సేన్ గారు తిరిగివచ్చి పటం చూశారు. ఎర్ర మచ్చ ఉన్నచోట వేలు ఆనించి, ఇక్కడికి కాలువ ఎక్కడి నుంచి వస్తుందని అడిగారు. కాలువ లేదన్నాను. బావులా అన్నారు. తెలియదన్నాను. వాన చినుకు లేని ఏప్రిల్లో, రాళ్ల మెరకలో, పన్నెండు ఎకరాల్లో ఏ పంట వేస్తారని అడిగారు. నేను కూరగాయలేమో అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. రేపు పొద్దున జీపు తీసుకువెళ్లి ఆ కూరగాయలేవో కాస్త కొనుక్కురమ్మన్నారు.

మర్నాడు తొమ్మిదింటికి మహతో జీపును ఒక గట్టు కింద ఆపాడు. గట్టెక్కి చూస్తే నా పొలం నా కళ్లెదుటే ఉంది. మోకాలెత్తు పచ్చదనం, మధ్యమధ్య ఊదారంగు పూలు. నా సంతోషం చెప్పనలవి కాదు. సేన్ గారికి చూపించడానికి ఒక మొక్క పీకుదామని చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని గట్టు దిగాను. అవతలి ఒడ్డున బండ మీద బట్టలుతుకుతున్న ఒకావిడ ఏదో కేక వేసింది. పొలంలో అడుగు పెట్టొద్దంటోంది, ఆసామి కాబోలు అనుకొని, పరవాలేదన్నట్టు చెయ్యి ఊపాను. రెండో అడుగులో నడుము దాకా దిగిపోయాను. మూడో అడుగు వెయ్యడానికి కింద ఏమీ లేదు.

అది పొలం కాదు, చెరువు. పైనంతా గుర్రపుడెక్క అల్లుకుపోయి ఉంది. దాని వేళ్లు కాళ్లకు చుట్టుకొని ఎటూ కదలనివ్వలేదు. ఆవిడ గట్టు మీదుగా పరిగెత్తుకొచ్చి, ఉతికిన చీర ఒకటి మెలిపెట్టి నా వైపు విసిరింది. మహతో ఆవిడ వెనక నిలబడి చీర రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నన్ను ఒడ్డుకు లాగారు. చెప్పులు చెరువులోనే పోయాయి. చేతిలో మాత్రం ఒక గుర్రపుడెక్క మొక్క పూవుతో సహా మిగిలింది.

ఆవిడ పేరు అప్పలనరసమ్మ. టెక్కలి ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం, భర్త కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. నా మాట విని తెలుగుదాన్నని తెలిశాక ఆవిడ సంతోషం పట్టరానిదైంది.

"పాపా, నేల కాదు, దిగీకు దిగీకు అని అంత కేకేసినాను కదే. ఏటి ఎతుకుతన్నావు ఈ జల్‌కుంభీ డెక్కలో?"

ఇది చెరువని తెలియదన్నాను. ఆవిడ నన్ను బండ మీద కూర్చోబెట్టి, కాళ్ల బురద కడుగుతూ సంగతంతా చెప్పింది. పదిహేనేళ్ల కింద కరువు పనుల్లో తవ్విన చెరువు ఇది, ఇక్కడివాళ్లు బాంధ్ అంటారు. అందుకే అంతకు ముందు వేసిన పాత పటంలో లేదు. నాలుగు బస్తీలవాళ్ల స్నానాలూ, ఉతుకులూ, పశువుల నీళ్లూ దీని మీదే. రెండు మూడేళ్లుగా పైనున్న కాలనీ మురుగు ఇందులోకి వస్తోంది, అప్పటినుంచే ఈ డెక్క పట్టుకుంది. ఈ మూల మాత్రం ఆడవాళ్లు పీకి శుభ్రం చేసుకుంటారు. ఇక అసలు మాట చివర్లో చెప్పింది. పది రోజుల కింద భూమి కొలిచే అమీన్లు గొలుసులు పట్టుకొచ్చి కొలతలు వేశారు. జుగ్సలాయి బజారు వ్యాపారుల గోదాములను ఊరి బయటికి మార్చడానికి ఈ స్థలం చూస్తున్నారట.

"బాబూ, ఇది తలాబ్ కదా అన్నాను. కాదు, నక్షాలో సేను అని రాసుంది, మట్టేసి ఎత్తు సేసుకుంతే సరిపోతాదన్నారు. ఆ నక్షా రాసినోళ్లు ఎవులోగానీ, ఆళ్లని ఒకపాలి ఇలాగే దింపాల."

"రాసింది నానే పిన్నీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి, నా చీర వంక, కాళ్ల వంక చూసింది. తరువాత బండ మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "మరింకేటి, దిగినావు కదా" అంది. "ఇప్పుడు సరిగ్గా రాయి."

తడి బట్టలతోనే మిగిలిన పని చేశాను. మహతో వెదురుగడ మీద మూరమూరకూ సుద్ద గీత గీసి ఇస్తే నాలుగుచోట్ల లోతు చూశాను. ఒక సీసాలో నీళ్లు పట్టాను. గట్టు చుట్టూ అడుగులు లెక్కపెడుతూ ఉత్తకాళ్లతో తిరిగాను. ఆఫీసుకు వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి ఆ ప్రాంతపు విమాన ఫోటోల జత తీశాను. డెక్క పట్టకముందు, ఒక చలికాలంలో తీసినవి. స్టీరియోస్కోపు కింద పెట్టగానే మూడు వైపులా గట్టు గోడలా లేచింది, మధ్యలో నున్నటి నల్లని నీరు. చూడడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఈ జత మూడు నెలలుగా నా వెనక బీరువాలోనే ఉంది.

సేన్ గారికి మొక్క ఇచ్చి జరిగింది చెప్పాను. సవరణ పంపాలంటే దారులు రెండని ఆయన వివరించారు. క్షేత్ర తనిఖీ తరువాత మార్పు అని మామూలుగా పంపవచ్చు. అది దొంతరలో చేరుతుంది, ఎప్పుడో తెరుస్తారు. లేదా పొరపాటు మెమో రాసి, కమిటీ ముందు నేనే నిలబడి చెప్పవచ్చు. వెంటనే వింటారు కానీ, ఆ మెమో నా సర్వీసు ఫైలులో ఉంటుంది. ప్రొబేషన్ చివరి నెల. ఏది రాయాలో రేపు చెప్పమన్నారు.

ఇంట్లో అమ్మ చీర పిండుతూ నన్ను తిడుతోంది. నాన్నకు విషయమంతా చెప్పాను. ఆయన ఉద్యోగంలో తప్పు సిగ్నల్ పడితే ఏం చేస్తారని అడిగాను.

"ముందు బండి ఆపించాల" అన్నారు. "ఎవుడి తప్పన్నది తరవాత రాసుకుంతారు."

మెమో రాశాను. సేన్ గారు ఫోటోలు బయటికి తీసుకెళ్లడానికి రాతపూర్వక అనుమతి ఇచ్చి, తానూ వచ్చారు. కమిటీ గదిలో పదిమంది మగవాళ్లు, నేనొక్కదాన్నే ఆడదాన్ని. అధ్యక్షత వహించిన అధికారి ముసాయిదా మీది సంతకం చూపించి, ఇది మీదేనా అని అడిగారు. నాదేనన్నాను, తప్పూ నాదేనన్నాను. ఇక మాటలతో లాభం లేదని స్టీరియోస్కోపు బల్ల మీద పెట్టి, ఫోటోలు సర్ది, ఒకసారి చూడమన్నాను.

ఆయన వంగి చూశారు. ఏమీ లేదన్నారు. చూపు కాస్త వదులు చేయమన్నాను. అర నిమిషం తరువాత ఆయన చెయ్యి దానంతటదే ముందుకొచ్చి కాగితం మీద గట్టును తడిమింది. ఆ తరువాత సమావేశం సమావేశంలా లేదు. ఒక్కొక్కరే లేచి వరసలో నిలబడ్డారు. టీ తెచ్చిన బంట్రోతు కూడా చూశాడు, అందరికంటే ముందు అతనికే చెరువు కనిపించింది. ఒక ఇంజనీరుకు ఒక కంటి చూపు మందం, రెండు కళ్లూ సరిగా ఉంటే తప్ప ఆ పరికరంలో లోతు కనిపించదు. అయినా ఆయన గట్టు ఎత్తు ఎంతో కూడా చెప్పేశారు.

వారంలో వాళ్ల మనుషులు వెళ్లి వెదురుగడతో సరిచూసుకున్నారు. గోదాములకు ఇంకొక మెరక చూశారు. చెరువు పటంలో నీలం రంగులోకి వచ్చింది. నేను పట్టిన సీసా నీళ్ల పరీక్షా ఫలితాన్ని జతచేసి మురుగు సంగతి కూడా రాశాను. ఆ కాలువ మళ్లించడానికి రెండేళ్లు పట్టింది. అప్పలనరసమ్మా, బస్తీల ఆడవాళ్లూ అంతవరకు ఆగలేదు. ఆ ఎండాకాలమే తాళ్లు కట్టి సగం చెరువు డెక్క లాగిపారేశారు. ఒక ఆదివారం నేనూ వెళ్లి ఒక తాడు పట్టాను, ఈసారి గట్టు మీదే నిలబడి.

నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టింది సేన్ గారే. నియమం అంతేనని చెప్పి, ఆ సాయంత్రం అందరికీ సమోసాలు తెప్పించారు.

ఆ తరువాత ఇరవై ఆరేళ్లు ఈ వృత్తిలో ఉన్నాను. పరికరాలు మారాయి, ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడు ఒక్కొక్క చెట్టును చూపిస్తాయి. ఈ చదువుకు వచ్చే పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని నేను నెలలో చేసిన పని పూటలో చేస్తారు. నేను నేర్చుకున్నది చిన్న విషయమే. కొత్త చిత్రం వచ్చిందని పాతది పక్కన పెట్టకూడదు. రంగు ఏం చెప్పినా, ఆ రుతువులో ఆ నేల మీద అది సాధ్యమా అని ముందు అడగాలి. ఆ తరువాత నా చేతి మీదుగా వెళ్లిన ప్రతి పటం అడుగున ఒక చిన్న గడి గీయించాను. ఎక్కడ మేము స్వయంగా నడిచి చూశామో, ఎక్కడ పైనుంచి మాత్రమే చూశామో అందులో వేరువేరుగా ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉన్న పటం మీద నేను సంతకం చేయలేదు.