ఉత్తరంలో చివరి మడత

పోయిన గురువారం మధ్యాహ్నం మా అత్తమ్మ చనిపోయింది. కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. మాచర్ల ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, నా భర్త, శ్రీలంకలో మన సైన్యంతో ఉన్నారు. టెలిగ్రాం ఇచ్చాం. ఆయన రాలేకపోయారు. శుక్రవారం సాయంత్రం చర్చి వెనక మట్టి చేశాం. వివరంగా ఉత్తరం రాయాల్సింది ఇక నేనే.

నేను చదివింది ఐదో తరగతి. పెళ్ళయిన నాలుగు నెలలకే ఆయన వెళ్ళిపోతే ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఉత్తరాలు అత్తమ్మ పేరునే వచ్చేవి. భార్య పేరున రాయడం మా ఇళ్ళలో అలవాటు లేదు. ఆమె మాత్రం వాటిని విప్పకుండా నా చేతిలో పెట్టేది.

"ముందు నువ్వు చదువుకోపో. నాకు చెప్పదగ్గవి తర్వాత చెబుదువుగాని."

"మీ పేరున వచ్చింది కదత్తమ్మా" అన్నాను మొదటిసారి. అప్పుడు తన సంగతి చెప్పింది. చనిపోయిన మా మామయ్య కూడా సిపాయే. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగేటప్పుడు ఆయన రాసిన ఉత్తరాలను బడిపంతులు అరుగు మీద అందరి ముందూ చదివేవాడట. నిద్రలో నీ గాజులు మోగినట్టనిపించి లేచాను అని ఒకదాంట్లో ఉంది.

"నెల్రోజులు బావి కాడ ఇదే గోల. ఏమే, గాజులు మెల్లగా మోగించవే, ఆడ మీ ఆయనకి నిద్ర పట్టడంలా అని. సిగ్గుతో చచ్చి, అట్టాంటివి రాయబాకయ్యా అని ఆ పంతులు చేతే రాయించా. మనిషి తిరిగొచ్చాడు, పదేళ్ళు కాపురం చేశాం. ఆ మాట మాత్రం మళ్ళీ అనలా."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక జవాబు రాసేవాళ్ళం. బర్రె ఈనిందని, కాలవకు నీళ్ళొదిలారని ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. సైన్యం టపాలో వెళ్ళే ఇన్‌లాండ్ లెటరులో చివరి మడత దగ్గర ఆపేసేది. "అది నీదమ్మాయ్" అని గోడవైపు తిరిగి, నుదురు ఆనించి కూర్చునేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా "అయింది అత్తమ్మా" అని నేను అనేదాకా ఇటు తిరిగేది కాదు. నేనేమో సిగ్గుతో, ఆరోగ్యం జాగ్రత్త అని రెండు ముక్కలు గీకి అంటించేసేదాన్ని.

"అప్పుడే అయిందా? కలం అరిగిపోద్దనా?" అనేది.

పోయిన వానాకాలంలో వచ్చిన ఒక ఉత్తరం వేరే చేతిరాతలో ఉంది. కుడిచేతికి తూటా తగిలిందని, అమ్మకు చెప్పొద్దని, పక్క మంచం తెలుగబ్బాయి చేత ఆయన రాయించారు. కళ్ళు తుడుచుకుని వచ్చి, "బాగున్నారంట, మిమ్మల్ని వేళకు తినమన్నారు" అని చదివాను. ఆదివారం ఆమె బర్రె గురించి, పైరు గురించి ఎప్పటిలాగే చెప్పింది. చివర ఆగింది.

"వాడికి ఉత్తరం రాసిపెట్టిన పిల్లోడెవరోగాని, వాళ్ళమ్మని దేవుడు చల్లగా చూడాలని రాయి."

నా చెయ్యి ఆగిపోయింది. పైన చిరునామాలో రాత మారడం చూసినప్పుడే ఆమెకు తెలిసిపోయింది. తెలిసి కూడా విప్పకుండా నాకిచ్చింది.

"ఏడవబాక. చెయ్యి వేరే అయినా మాట వాడిదేగా. మాట చెప్పగలిగాడు, చాలు" అని గోడవైపు తిరిగింది. ఆ రోజు మడతలో సగందాకా రాశాను.

ఆ తర్వాత వచ్చిన మూడు ఉత్తరాలూ ఆ అబ్బాయి రాసినవే. ప్రతిసారీ ఆమె పైన రాత చూసి నాకిచ్చేది. పదిహేను రోజుల కిందట వచ్చినదాని మీద అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. చూసి గడప మీదే కూలబడింది. "మావోడి చెయ్యి" అంది. ఆ ఒక్కదాన్నే నాకివ్వడం మరిచి చాలాసేపు ఒళ్ళో పెట్టుకుంది.

ఈ ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇన్‌లాండ్ తీశాను. చెప్పేవాళ్ళు లేకుండా రాయడం ఇదే మొదలు. కల్లం గురించి, వచ్చినవాళ్ళ గురించి రాశాను. మడత దగ్గరకు వచ్చాక ఆగలేదు. అది నిండి, అంచుల వెంట కూడా రాశాను. అంటించి, అలవాటుకొద్దీ "అయింది అత్తమ్మా" అన్నాను.

గోడ మీద, ఆమె నుదురు ఆనే చోట, సున్నం కొంచెం నల్లబడి ఉంది.