అక్క కోసం బిగించిన కంప్యూటర్

వీధిలో అందరూ అతన్ని టర్బో అనే పిలిచేవారు. కుట్టుమిషన్ల దుకాణం పైన, రెండో అంతస్తులోని ఇరుకు గదిలో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు బిగిస్తున్నాడు. కంపెనీ ప్రాసెసర్‌కి ఎంత వేగం రాసి పంపితే అంతతో సరిపెట్టుకోవడం అతని వల్ల కాదు. కాస్త వోల్టేజి ఎక్కించి, వేగాన్ని మెట్టు మెట్టుగా పెంచి, ఎక్కడ చతికిలబడుతుందో చూసి, అక్కణ్ణుంచి ఒక మెట్టు దింపి నిలబెట్టేవాడు. ఓవర్‌క్లాక్ అనే ఆ పని కోసం ఆటల పిచ్చివాళ్లు ఊరి అవతలి నుంచి వచ్చేవారు. ఆట మధ్యలో పెట్టె ఆగిపోయినా వాళ్లకి బెంగ లేదు. మళ్లీ ఆన్ చేసి, మళ్లీ ఆడుకునేవారు.

అతని అక్కది ఆట కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఫొటో స్టూడియో నడిపి మూసేసింది. పెట్టెల్లోని నెగెటివ్‌లకు బూజు పడుతోంది. అవి పూర్తిగా పాడయ్యేలోగా ఒక్కొక్కటీ స్కాన్ చేసి దాచాలని కూర్చుంది. అందుకో కంప్యూటర్ బిగించి పెట్టమని తమ్ముణ్ణి అడిగింది.

"వేగం నాకొద్దురా. నేనే నిదానం మనిషిని. అది నాతోపాటు నడిస్తే చాలు. తప్పు మాత్రం చెయ్యకూడదు" అంది.

"నువ్వు ఫొటోలు చూసుకో అక్కా. పెట్టె సంగతి నాకొదిలెయ్."

బల్ల మీద రెండు ప్రాసెసర్లు ఉన్నాయి. ఒకదానికి ఎనిమిది కోర్లు, అంటే ఒకే పనిని పంచుకునే ఎనిమిది చేతులు. వేలకొద్దీ ఫొటోలను కుదించి, ఏడాదికో ఫైలుగా కట్టలు కట్టడానికి అదే తగినది. కానీ దాని వేగం పెంచనివ్వదు కంపెనీ. రెండోదానికి ఆరే కోర్లు, పగ్గాలు మాత్రం లేవు. అక్క పనికి ఏది సరైనదో అతనికి తెలుసు. తెలిసే రెండోది తీశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి "జాగ్రత్తరా" అని తప్ప "భేష్" అని ఎరగని అక్క చేత ఒక్కసారి ఆ మాట అనిపించుకోవాలనిపించింది.

వేగం పెంచి, నాలుగు గంటలు పరీక్ష పెట్టాడు. ఎక్కడా తడబడలేదు. అయితే ఆ షాపులో పరీక్షకు పెట్టిన ఏ పెట్టెకీ పక్క మూత ఉండదు. మూత తీసి, సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టి పరీక్షిస్తాడు. అంతా అయ్యాక మూత బిగించి ఇచ్చేస్తాడు. మొదటి నుంచీ అదే పద్ధతి.

అక్క ఇంట్లో పెట్టె ఆన్ చేయగానే బావ పేపరు పక్కన పెట్టాడు. "ఏంటయ్యా బావమరిదీ, ఇంట్లోకి విమానం దించావ్?"

"అంత వేగానికి ఆ మాత్రం చప్పుడు ఉంటుంది బావా."

"నాకెక్కడికీ వెళ్లే పని లేదు కదయ్యా."

వారం తర్వాత బావే ఫోన్ చేశాడు. చప్పుడు పడలేక పెట్టెను బల్ల కింది చెక్క బీరువాలో పెట్టి తలుపు వేశాడట. "విమానం షెడ్డుకెళ్లింది. ఇప్పుడు ప్రశాంతంగా ఉంది." టర్బో నవ్వాడు. చెక్క తలుపు వెనక గాలాడక అది ఎంత కాగుతుందో అతనికి తెలియని సంగతి కాదు. వెళ్లి చూద్దాంలే అనుకున్నాడు. వెళ్లలేదు.

అక్క అతను నేర్పినట్టే చేసింది. ఒక ఏడాది ఫొటోలు స్కాన్ చేయడం, కట్ట కట్టడం, "పూర్తయింది" అని తెర మీద కనబడగానే విడి ఫొటోలు తీసేయడం. ఆ ఏడాది నెగెటివ్‌ల పెట్టె చెత్తబండికి వెళ్లేది. అలా ఆరు నెలలు సాగింది.

ఒకావిడ చనిపోయిన తన తండ్రి ఫొటో అడిగింది. అక్క కట్ట విప్పితే నుదురు, కళ్లు వచ్చాయి. కింద అంతా బూడిదరంగు పట్టీలు.

టర్బో వచ్చి మోకాళ్ల మీద కూర్చుని బీరువా తలుపు తీశాడు. మొహానికి సెగ కొట్టింది. పెట్టె మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. వేడెక్కిన ప్రాసెసర్ ఆగిపోలేదు. ఆగి ఉంటే అక్కకి తెలిసేది. అది పని చేస్తూనే తప్పులు చేసింది. సాయంత్రం దాకా కట్టలన్నీ విప్పి చూశాడు. పదకొండేళ్ల ఫొటోలు పాడయ్యాయి.

"ఏదో తప్పు నొక్కేసి ఉంటాను. ఈమధ్య చేతులు నా మాట వినడం లేదు" అంది అక్క, అతని వెనక నిలబడి.

చెప్పడానికి అదే సమయం.

"అలా జరుగుతుంటుందిలే అక్కా" అన్నాడు. వేగాన్ని కంపెనీ రాసిన అంకెకు దించాడు. రెండు నిమిషాల పని. పెట్టెను బీరువాలోంచి బయటికి లాగి, వచ్చేశాడు.

అక్క ఆ తప్పును నెత్తిన వేసుకుంది. ఫొటోలు పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, తన వల్లే పోయాయని చెప్పి వచ్చింది. కెమెరా ఎవరికో ఇచ్చేసింది. "స్టవ్ కట్టేశానా అని మూడుసార్లు చూస్తోందయ్యా. సరుకుల చీటీ రాసినా నన్ను చదివి చూడమంటోంది" అన్నాడు బావ ఒకసారి ఫోన్‌లో, ఈసారి నవ్వకుండా. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అంటూ టర్బో తొమ్మిది నెలలు గడిపాడు.

చెప్పిన రోజు మధ్యాహ్నం అక్క వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటిస్తోంది. ఏ డబ్బాలో ఏముందో పెద్ద అక్షరాలతో. అది చూశాక ఇక ఆగలేకపోయాడు. ప్రాసెసర్ ఎంచుకోవడం దగ్గర్నుంచి బీరువా దాకా అన్నీ చెప్పాడు.

అక్క చివరిదాకా విని, "నీకెప్పుడు తెలిసిందిరా?" అంది.

"ఆ రోజే."

"ఫొటోలు పోతే పోయాయి. నువ్వు కావాలని చేశావా ఏంటి." చేతిలో చీటీని నాలుగు మడతలు పెట్టింది. "మతిమరుపేమో చూడమని డాక్టర్ దగ్గరికెళ్లానురా. రెండుసార్లు. మూడంకెలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమన్నాడు. భయంతో అవీ చెప్పలేకపోయాను."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "బావకి నువ్వు చెప్తావా అక్కా?" అన్నాడు.

"నేను చెప్తే నమ్మడు. పాపం, మతిమరుపులో ఏదో మాట్లాడుతోందిలే అనుకుంటాడు. వచ్చేదాకా ఉండి నువ్వే చెప్పు."

బావ బజారు నుంచి వచ్చేసరికి గంట పట్టింది. అంతసేపూ అతను వంటింటి స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. అక్క మిగిలిన డబ్బాలకూ చీటీలు అంటించింది.